జ్ఞానాంబక్క దిద్దిన పటం

జ్ఞానాంబక్క పదో తరగతి దాటలేదు. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఇరవై రెండు సీజన్లు పనిచేసి, లైన్ సూపర్‌వైజర్ దాకా ఎదిగింది.

నేను పనిచేసే తిరుపతి కంపెనీ ఆ ఫ్యాక్టరీల యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. పదకొండు ఫ్యాక్టరీలకు పదకొండు వేర్వేరు ప్రోగ్రాములు. ఒకదాంట్లో తప్పు దిద్దితే, అదే తప్పును మిగతా పదింటిలోనూ వెతికి దిద్దాలి. ఇలా కాదు, అందరికీ ఒకటే ప్రోగ్రాం ఉండాలి, ఎవరికి కావలసినవి వాళ్లు అందులో ఎంచుకోవాలి అన్నారు మా యజమాని ప్రతాప్ గారు. ఎవరికి ఏం కావాలో చెప్పడానికి జ్ఞానాంబక్కను ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఈమెకు ఇక్కడేం పని అని గొణుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నెల రోజులు కూర్చుని ఆ ఒక్క ప్రోగ్రాంకు నేనొక పటం గీశాను. కడగడం, గుజ్జు తీయడం, ఉడకబెట్టడం, నింపడం, ఈ వరుస అందరికీ ఉమ్మడి. డబ్బాల్లో నింపాలా, సంచుల్లో నింపాలా అన్నది ఎంపిక. గోడమీద వేసి చూపిస్తే అందరూ బాగుందన్నారు. జ్ఞానాంబక్క మాత్రం చాలాసేపు చూసి లేచింది.

"ఉడకబెట్టేది అందరికీ ఉండాది పాపా, నిజమే. కానీ ఎప్పుడు? సంచికయితే ముందే ఉడకబెట్టి, చల్లార్చి, గాలి తగలకుండా నింపాల. డబ్బాకయితే నింపి, మూత బిగించినాక, డబ్బాతో పాటే ఉడకబెట్టాల. నువ్వు గీసినట్టు పోతే లోపల గుజ్జు చెడిపోయి డబ్బాలు ఉబ్బిపోతాయి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాడు నేనే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఏది తీసుకుంటే ఏది తప్పనిసరో, ఏది ఉంటే ఏది కుదరదో ఆమె చెబుతుంటే రాసుకున్నాను. నలభై మూడు నియమాలు తేలాయి. అనుమానం వచ్చినచోట ఆమె ఊహించి చెప్పేది కాదు. బస్సెక్కి ఆ ఫ్యాక్టరీకే పోయి కనుక్కుని వచ్చేది.

ఈ ఏడు పాకాల దగ్గర పన్నెండో ఫ్యాక్టరీ వచ్చింది. ఇదివరకైతే మూడు నెలల పని. జ్ఞానాంబక్క ఆ ఓనరును ఒక పూట ప్రశ్నలడిగి పటంలో టిక్కులు పెట్టింది. నాలుగో రోజుకు లైన్ నడిచింది. ఇది చేసిన ఇంజినీరెవరని ఆయన అడిగితే ప్రతాప్ గారు ఆమెను చూపించారు.

"నేను ఇంజినీరును కాదు సార్. యాడ ఏది కుదరదో చెప్పినాను, అంతే."

ప్రతాప్ గారు ఒప్పుకోలేదు. 'జ్ఞానాంబ, రిక్వైర్‌మెంట్స్ ఇంజినీర్' అని, అంటే ఎవరికేం కావాలో తేల్చే ఇంజినీరని, వంద విజిటింగ్ కార్డులు అచ్చువేయించారు. వారంలో అయిపోయాయి. అన్నీ ఎవరికిచ్చావక్కా అంటే, బస్సులో పక్కన కూర్చున్నోళ్లకు కూడా ఇచ్చినానంది.