బాబాయ్ కొట్టించిన గీత

మంగళవారం మధ్యాహ్నం మొదటి షిఫ్టు వదిలాక, కంపెనీ బస్సులో బాబాయ్ చనిపోయాడు. కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. రోజూ అలాగే కూర్చుంటాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను రెండు సీట్ల వెనక ఉన్నాను. మేం దిగే కాజీపల్లి వచ్చింది, అందరూ దిగుతున్నారు. వెళ్లి భుజం తట్టి, "కాకా, దిగుదాం పా" అన్నాను. తల కిటికీ మీదే ఉండిపోయింది. సంగతి తెలియని డ్రైవర్ జల్దీ దిగమని హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇది చదివే మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. కంపెనీ గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఫొటో కూడా సరిగా లేదు. అందుకే నేను రాస్తున్నాను. నాది పదో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

ఆయన నాకు చుట్టం కాదు. కోస్తా నుంచి ముప్పై ఏళ్ల కింద ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మందుల కంపెనీలో మా షిఫ్టుకు సీనియర్ ఆపరేటర్. మేం కిరాయికుండే గదుల వరసలోనే మూడు తలుపుల అవతల ఆయన ఇల్లు. మొదట్లో నేను "అన్నా" అంటే ఒప్పుకోలేదు.

"మీసం తెల్లబడ్డాక అన్నేంట్రా? బాబాయ్ అను."

"మా దిక్కు కాక అంటం."

"ఏదో ఒకటి ఏడు. అన్న మాత్రం వద్దు."

అలా ఎదురుగా కాకా అనేవాణ్ని, నలుగురికి చెప్పేటప్పుడు బాబాయ్ అనేవాణ్ని.

రెండేళ్ల కింద మా పాపకు ఒళ్లు పచ్చబడింది. అప్పుడు దానికి నాలుగేళ్లు. అందరిలాగే పసరు పోయించాం, పథ్యం పెట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఆసుపత్రులు తిరిగి తిరిగి చివరికి సిటీలో పెద్ద డాక్టర్ దగ్గర తేలింది. లివర్ జబ్బు. పుట్టుకతోనే ఉందట. పూర్తిగా నయం కాదట. కాపాడుకుంటూ రావాలట, ఎప్పుడో ఒకరోజు లివర్ మార్చాల్సి రావచ్చట. "ఎప్పుడు సార్?" అని మా ఆమె అడిగింది. డాక్టర్ కంప్యూటర్ వైపు చూశాడు.

బయట వరండాలో మా ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది. "కాపాడుకోవాలె అంటడు. ఎట్ల? ఏం జేస్తే కాపాడుకున్నట్టు?" జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఇంటికొచ్చి అరిచాను. ఈ బోరు నీళ్లే చేశాయన్నాను, ఈ గాలే చేసిందన్నాను, కంపెనీ గేటు ముందు కూర్చుంటానన్నాను. బాబాయ్ అంతా విని అడిగాడు.

"డాక్టరేమన్నాడు?"

"పుట్టుకతోనే అన్నడు."

"నువ్వేమంటున్నావ్?"

"ఈ నీళ్లే అంటున్న!"

"నీళ్లు మంచివని నేనూ అనను. ఆ తగాదా వేరే ఉంది, అదీ పడదాం. పాప గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నీ కోపం చెప్పకు. పాపకు ఎలా ఉందో అది చెప్పు."

మర్నాడు ఒక పొడుగు రిజిస్టర్ తెచ్చాడు. స్కేలు పెట్టి గళ్లు గీశాడు. మా కంపెనీలో మందు ఉడికే రియాక్టర్ టెంపరేచర్ గంటగంటకూ రాసే కాగితం ఉంటుంది కదా, అచ్చం అలాగే. తేదీ, బరువు, పొట్ట చుట్టుకొలత, మూత్రం రంగు, దొడ్డి రంగు, వేసిన మందులు. చివర రెండు గళ్లు: చూసినవారు, సరిచూసినవారు. ప్రతి పేజీ పైన ఎర్ర ఇంకుతో ఒక మాట రాశాడు: "దొడ్డికి నల్లగా అయితే ఎవరి కోసమూ ఆగొద్దు, బయల్దేరండి."

"అమ్మాయ్, కాపాడుకోవడమంటే ఏంటని అడిగావట" అన్నాడు మా ఆమెతో. "ఇదే. రోజూ చూడటం, చూసింది రాయడం. రేపేమవుద్దో ఈ గళ్లలో లేదు, చూడు. దాన్ని రాయక్కర్లేదు."

ఆ పూట మా ఆమె కలుపుకున్న అన్నం పూర్తిగా తిన్నది. నెల రోజుల తర్వాత.

ఆదివారం ఆదివారం వచ్చి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని వారం లెక్క చూసేవాడు. "చెప్పు తల్లీ, ఇవాళ సాంబారా, టీయా, సున్నమా?" అని దాని దొడ్డి రంగు అడిగేవాడు. అది "ఛీ తాతా" అని పడీపడీ నవ్వేది. "కాకా, ఇగ మేం సాంబారు తిన్నట్టే" అని మా ఆమె ముక్కు మూసుకునేది. జబ్బు తెలిసిన తర్వాత మా ఇంట్లో నవ్వులు అవే.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. పోయిన ఎండాకాలం. మా ఆమె సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు చేసే కంపెనీకి పొద్దున్నే వెళ్లిపోయే వారం. కొలతలు నా వంతు. నాకు డబుల్ డ్యూటీలు పడ్డాయి. ఇంటికొచ్చి పడిపోయేవాణ్ని. నాలుగు రోజులు టేపు ముట్టుకోలేదు. ఆదివారం బాబాయ్ వచ్చే ముందు కూర్చుని నాలుగు రోజులదీ రాసేశాను. పొట్ట యాభై నాలుగు, యాభై నాలుగు, యాభై నాలుగున్నర, యాభై నాలుగు. ఆ అరను మధ్యలో పెట్టింది నమ్మడానికి. కంపెనీలో నేర్చిన విద్య అది. ఎనిమిది గంటల టెంపరేచర్లు చివరి పది నిమిషాల్లో రాసేవాళ్లం మాలో చాలామందిమి. అక్కడ ఎవడూ అడగడు.

బాబాయ్ పేజీ తెరిచి చాలాసేపు చూశాడు.

"ఏంట్రా, నాలుగు రోజులూ ఒకే ఊపులో ఉన్నాయి?"

"పెన్ను గదే గద కాకా."

"పెన్ను కాదు. చెయ్యి. రోజూ రాసే చెయ్యి రోజుకోలా ఉంటది."

పాపను పిలిచి, చొక్కా పైకెత్తి, తనే టేపు చుట్టాడు. యాభై ఎనిమిది. మళ్లీ చుట్టాడు. యాభై ఎనిమిదే. పొట్టలో నీరు చేరింది. నేను నాలుగు రోజులు దాన్ని చూస్తూ, ఎత్తుకుంటూ, ముద్దుపెట్టుకుంటూ కూడా చూడలేదు.

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆయన నా చేతికి పెన్ను ఇచ్చాడు. కొట్టేసేటప్పుడు ఒకే గీత కొట్టాలి, కింద రాసింది కనబడాలి, పక్కన సంతకం పెట్టాలి. అది మా పనిలో నియమం. నాలుగు వరసల మీద నాలుగు గీతలు కొట్టించాడు. ప్రతి గీత పక్కనా "చూడలేదు" అని రాయించాడు. ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది.

డాక్టర్ నీరు తీశాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెయ్యి దాటేదన్నాడు. మా ఆమె డ్యూటీ నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. ఆ పేజీ చదివింది. "సూడలేదని రాసినవ్. నాకొక్క మాట జెప్తే నేను సూస్తుంటి గదా" అంది.

నా బిడ్డ ఇవాళ ఉందంటే ఆ గీతల వల్ల ఉంది. ఇది కృతజ్ఞత. ఇక నా కోపం కూడా రాయాలి, లేకపోతే ఆయన నేర్పిన రాత కాదు.

ఈ ఏడాది ఆయనకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రియాక్టర్ పై అంతస్తుకు పోతూ రెండుసార్లు రెయిలింగ్ పట్టుకుని ఆగేవాడు. కంపెనీ క్యాంటీన్లో మా అందరికీ ఏటేటా చేసే ఆరోగ్య పరీక్ష జరిగింది. గుండె మీద గొట్టం పెట్టినవాడు లేడు. కాగితాలు మాత్రం వచ్చాయి, అందరికీ నార్మల్. బాబాయ్ తన కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టి నవ్వాడు.

"చూశావా, ఒకే ఊపు."

"నవ్వుతవేంది కాకా? బయట సూపిచ్చుకో."

"చూపిస్తే ఏదో ఒకటి రాస్తారు. అది పట్టుకుని అన్‌ఫిట్ అని గేటు దగ్గరే ఆపేస్తారు."

"నాతోని గీతలు కొట్టిస్తివి గదా! నీకో గీత లేదా?"

"నీది ఆరేళ్ల పిల్ల ప్రాణంరా. నాదేముంది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటకు ఆయన చొక్కా పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాల్సింది. లాక్కెళ్లలేదు. షిఫ్టు టైమైంది.

ఆ నార్మల్ రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. తెలిస్తే ఏం చేస్తానో కూడా తెలియదు. అలాంటి చెయ్యి నాక్కూడా ఉందని మాత్రం తెలుసు.

ఇవాళ ఆదివారం. పోయిన వారం నుంచి పాప ఒళ్లు గోక్కుంటోంది. మా ఆమె దాని చేతులకు సాక్సులు తొడిగింది. పొద్దున లేచి ట్యూబులైటు కింద దాని ముఖం చూస్తే మళ్లీ పచ్చబడిందేమోనని నాకు అనుమానం వచ్చింది. ట్యూబులైటును నమ్మొద్దని, కళ్లు చూడాలంటే ఎండలోకి తీసుకెళ్లి చూడాలని బాబాయ్ అనేవాడు. వాకిట్లోకి తీసుకొచ్చాను. అది సాక్సు విప్పి, నేను చెప్పకముందే వేలితో కంటి కింద చర్మం లాగి నా వైపు చూస్తూ నిలబడింది. మా ఆమె పెన్ను పట్టుకుని గడప మీద కూర్చుంది.

"చెప్పు డాడీ. ఎట్లున్నయ్?"

"ఇంకా ఎండ సరిగ రాలేదు బిడ్డా. జెర ఆగుదాం."

"వచ్చింది గదా డాడీ" అంది.