జర అటు తిరుగు

పోయిన నెల ఒక పొద్దున, భూపాలపల్లిలో మా బడి గంట కొట్టకముందే ఇంటి నుంచి ఫోను వచ్చింది. "మిషనక్క ఇగ లేదే" అంది అమ్మ. ఆ పూట పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

చిట్యాలలో మా పక్కింట్లో జాకెట్లు కుట్టే అక్క ఆమె. పొద్దంతా కుట్టుమిషన్ ముందే కూర్చునేది కాబట్టి వాడంతటికీ మిషనక్క అయింది.

మా దగ్గర ఎవరికైనా థాంక్స్ చెబితే "గిండ్ల ఏముంది" అంటారు, లేదంటే సిగ్గుపడి నవ్వుతారు. మా బడిలోనైతే "వెల్కమ్ మేడం" అని తడుముకోకుండా జవాబు వస్తుంది. మిషనక్క ఈ మర్యాదలేవీ ఎరగదు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది. ఎవరు థాంక్స్ చెప్పినా ఒకటే మాట, "జర అటు తిరుగు." తిరగకపోతే కసురుకునేది. "నోటితోని చెప్తె నాకేం తెలుస్తది? నడిచి సూపెట్టు."

చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి నా ఎడమ భుజం కిందికి జారింది. చీర కడితే కొంగు నిలిచేది కాదు. తోటి ఆడపిల్లలు వంకరదానా అని పిలిస్తే తలుపు వేసుకుని ఏడ్చేదాన్ని. టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. రోజూ చీర కట్టుకుని అంతమంది పిల్లల ముందు నిలబడాలి కదా!

మొదటి రోజు మిషనక్క కుట్టిన జాకెట్ వేసుకుని చీర కట్టాను. కొంగు కదల్లేదు. పరుగున పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుని "థాంక్స్ అక్కా" అన్నాను. చేతులు విడిపించుకుని, "బస్సు పోతది చెల్లె. జర అటు తిరుగు" అంది. నాకు ఒళ్లు మండింది. మంచి మాట కూడా అందుకోదు, ఏం మనిషో అనుకున్నాను.

మరోసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఒక్కసారన్న సరే అనరాదె అక్కా?"

"అంటా తియ్. ముందు అటు తిరుగు."

పన్నెండేళ్లు నా జాకెట్లన్నీ ఆమే కుట్టింది. వయసుతో పాటు నా భుజం దానంతటదే సర్దుకుందని నేను మురిసిపోయాను.

అక్క దినాలయ్యాక, కొలతకని పాత జాకెట్ ఒకటి పట్టుకుని కొత్త టైలరమ్మ దగ్గరికి పోయాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసి, "మేడం, ఎడమ దిక్కు లైనింగు లోపల గుడ్డ మడతపెట్టి కుట్టిన్రు. తప్పు పడ్డదేమో, తీసెయ్యాల్నా?" అంది.

"తియ్యకు" అని జాకెట్ తీసేసుకున్నాను. ఇంటికొచ్చి జాకెట్లన్నీ మంచం మీద పోసి తడిమాను. ప్రతి దానికీ ఎడమ భుజంలోనే, అది జారినంత ఎత్తున ఆ మడత. నాకు ఏడుపాగలేదు. నన్ను తిప్పి తిప్పి ఆమె చూసింది ఆ భుజాన్నే. దాని సంగతి ఒక్కనాడూ నోటితో అనలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో మిషన్ మీద దుప్పటి కప్పి, దానిపైన ఆమె ఫొటో పెట్టారు. "థాంక్స్ అక్కా" అన్నాను. తర్వాత కొంగు సర్దుకుని, ఆమెకు నా వీపు కనబడేలా మెల్లగా అటు తిరిగాను.