మేడ మీద నుంచి పడిన అక్షింతలు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. కాకినాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించడం నా ఉద్యోగం. జనం చెప్పే కథల్లో కంతలు వెతికి జీతం తీసుకునేదాన్ని, ఇలాంటివి ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేదాన్ని. మా అన్నయ్య కూతురు సాహితి పెళ్ళిలో జరిగిన దానికి మాత్రం ఇంతవరకూ నవ్వలేకపోయాను. భయం కూడా వెయ్యదు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నిడదవోలు అవతల, కాలవ గట్టున ఒక పాత జమీందారుగారి మేడ ఉంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు. కింద విశాలమైన మండువా, దాని పైన నాలుగు వైపులా వసారా, ఆ వసారాకి నిలువెత్తు చెక్క జాలీ. ఆ రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్ళకి ఘోషా ఉండేదట. సొంత పిల్లల పెళ్ళయినా సరే మగవాళ్ళ ముందుకి రాకూడదు కనక, జాలీ కన్నాల్లోంచి చూసేవారట. ఈ సంగతి మేడ చూసుకునే మేనేజరుగారే చెప్పారు. పైకి వెళ్ళే చెక్క మెట్లు పుచ్చిపోయాయని కింద తలుపుకి తాళం వేసి ఉంచారు.

ఈ మేడని ఎంచింది పెళ్ళికూతురూ కాదు, పెళ్ళికొడుకూ కాదు. ఫోటోగ్రాఫరు. పంతులుగారు తెల్లవారుజాము ముహూర్తం దివ్యంగా ఉందన్నారు. ఆ వేళ వెలుతురు చాలదని ఫోటోగ్రాఫరు అన్నాడు. అంతే, పెళ్ళి గోధూళి వేళకి మారిపోయింది. భోజనాలు ఎప్పుడు పెట్టాలో, పెళ్ళికూతురు ఎప్పుడు తలెత్తాలో, అన్నీ ఆయనగారి షెడ్యూలు ప్రకారమే. వధూవరులు ముహూర్తం దాకా ఒకరినొకరు చూసుకోకూడదనే కదా మధ్యలో తెర పట్టేది! మధ్యాహ్నమే ఇద్దర్నీ కాలవ గట్టున ఎదురెదురుగా నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఇంక తెర ఎందుకన్నయ్యా అని అడిగితే, అది వేరే షాట్ అన్నాడు మా అన్నయ్య. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఈ రోజుల్లో ఉంటే, ఫోటోలు తీయించి చూడు అని కూడా కలిపేవారు.

ఇవన్నీ పళ్ళు బిగించి భరించాను. మా అమ్మ జోలికి వచ్చేసరికి నా వల్ల కాలేదు.

అమ్మకి ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చక్రాల కుర్చీయే గతి. ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడలేదు. కుడికాలు మడత పడదు. అన్నయ్యా వదినా ఉద్యోగాలకి వెళ్ళిపోతే సాహితికి జడలు వేసింది, అన్నం పెట్టింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది అంతా అమ్మే. జీలకర్ర బెల్లం పెట్టుకునే వేళకి ఆ పిల్ల నెత్తిన తన చేత్తో అక్షింతలు వెయ్యాలని, అప్పటిదాకా తనని ఉంచమని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఇంకో కోరిక ఏదీ ఆవిడ నోట నేను వినలేదు.

అమ్మ కుర్చీని మండపం పక్కనే పెట్టాను. ఫోటోగ్రాఫరు వచ్చాడు, మహా మర్యాదగా.

"మేడమ్, ఆ కుర్చీ స్టీలు కెమెరాలో మెరుస్తోందండి. బామ్మగార్ని ఆ పక్క ఏసీ గదిలో కూర్చోబెడదామండి. టైముకి మావాళ్ళే తీసుకొస్తారండి."

కుదరదన్నాను. అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, శుభమా అంటూ పెళ్ళి జరుగుతుంటే రభస చెయ్యొద్దన్నాడు. చివరికి అమ్మే సర్దిచెప్పింది, పిలుస్తానంటున్నాడు కదే, పోనీలే అని. నేను ముందే ఇచ్చిన అక్షింతలు గుప్పెట్లో పట్టుకునే ఆ గదిలోకి వెళ్ళింది.

అందరికీ అక్షింతలు పంచాక ఫోటోగ్రాఫరు మైకు అందుకున్నాడు. గట్టిమేళం మోగగానే వెయ్యొద్దట. మొహాలకి అడ్డం పడతాయట. తను చెయ్యి ఎత్తాక వెయ్యాలట.

ముహూర్తం దగ్గర పడింది. అమ్మని ఎవరూ తీసుకురాలేదు. నేనే వెళ్దామని లేస్తే, ఆ గది గుమ్మానికి అడ్డంగా పట్టాలు పరిచి వాటి మీద కెమెరాని తోస్తున్నారు. షాట్ అయ్యేదాకా దాటొద్దన్నాడు ఒకడు. మా అమ్మ దగ్గరికి వెళ్ళడానికి వీడి అనుమతి ఏంటని వాణ్ణి నెట్టబోయాను. ఈలోపే గట్టిమేళం మోగింది.

తెర దించారు. ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. డోలూ సన్నాయీ హోరెత్తిపోతున్నాయి. నిండు పందిట్లో ఒక్క గింజ రాలలేదు. తలలు నెరిసిన పెద్దలు, ముత్తైదువులు, అందరూ గుప్పిళ్ళు బిగించుకుని ఆ ఫోటోగ్రాఫరు చేతికేసి చూస్తూ నిలబడ్డారు. అంత సిగ్గుమాలిన పని నేను ఏ పెళ్ళిలోనూ చూడలేదు. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పైనుంచి అక్షింతలు పడ్డాయి.

ఒక గుప్పెడు కాదు, పది మంది కలిసి వేసినట్టు పడ్డాయి. వధూవరుల తలల మీదా పంతులుగారి భుజాల మీదా పచ్చగా రాలాయి. అందరం తలెత్తి చూశాం. జాలీ వెనక చీకటి తప్ప నాకేమీ కనిపించలేదు. సాహితి మాత్రం అటే చూస్తూ, "అత్తా, బామ్మ పైన ఉంది" అంది.

పట్టాలు దాటి గదిలోకి పరిగెత్తాను. కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరుగారిని లాక్కొచ్చాను. మెట్ల తలుపు తాళం వేసినది వేసినట్టే ఉంది. ఆయన తన గుత్తిలోంచి తాళంచెవి తీసి నా కళ్ళ ముందే తెరిచారు. మధ్యలో రెండు మెట్లు అసలు లేవు. అన్నయ్యా నేనూ గోడ పట్టుకుని పాకుతూ ఎక్కాం.

అమ్మ జాలీ పక్కన నేల మీద, మడత పడని ఆ కాలు మడిచి, మఠం వేసుకుని కూర్చుని ఉంది. మొహంలో బెదురు లేదు. గుప్పిట బిగించే ఉంది. విప్పి చూశాను. నేనిచ్చిన అక్షింతలు అందులోనే ఉన్నాయి, అమ్మ చెమటకి తడిసి.

ఇక్కడికెలా వచ్చావమ్మా అని అడిగాను. ఎవరో పెద్దావిడ గదిలోకి వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించిందట.

"ఇక్కణ్ణించి బాగా కనబడుద్ది, మేమూ ఇక్కణ్ణించే చూసేవాళ్ళం అందే. చాలామందే ఉన్నారు. జరిగి నాకు చోటిచ్చారు. అక్షింతలు వాళ్ళే వేశారు. నన్నూ వెయ్యమన్నారు గానీ, నా మనవరాలు కదా, కిందికెళ్ళి నా చేత్తో వేస్తానన్నాను. వెళ్ళమ్మా, మాకైతే ఆ వీల్లేదు అంది ఆవిడ."

అన్నయ్య ఏడుస్తూ అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. నాకు వాడి మీద జాలి కలగలేదు.

నలుగురు కలిసి నానా తంటాలు పడి అమ్మని కిందికి దించారు. కుర్చీలో కూర్చోబెట్టి మండపం మీదికి ఎక్కించాను. ముహూర్తం దాటిపోయింది కదా అని ఎవరో గొణిగారు. లగ్నం ఇంకా ఉందమ్మా, వెయ్యండి అన్నారు పంతులుగారు. అమ్మ తన చేత్తో సాహితి నెత్తిన అక్షింతలు వేసింది. పిల్ల అమ్మ ఒళ్ళో తల పెట్టి బావురుమంది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. అద్దానికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది నీది కాదు నాయనా" అన్నాను.

పైనుంచి అక్షింతలు వేయించే ఐడియా ఎవరిదండీ, షాట్ అదిరిపోయిందండీ అని వెళ్ళేటప్పుడు అడిగాడు. అంటే వాడి మనుషులూ వెయ్యలేదన్నమాట. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆ మేడంతా తిరిగాను. పైకి ఇంకో దారి లేదు. అమ్మ కాలు ఆ తర్వాత మళ్ళీ మడత పడలేదు. మడవడం జరిగే పని కాదని డాక్టరుగారు అన్నారు. పైనుంచి అక్షింతలు పడ్డప్పుడు తీసిన ఫోటోని పెద్దది చేసి చూశాను. గాల్లో అక్షింతలు ఉన్నాయి, జాలీ వెనక ఏమీ లేదు.

అమ్మ అక్కడికి ఎలా చేరిందో, వాళ్ళెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పందిట్లో అంతమందిమి బతికున్నవాళ్ళం ఉన్నాం. జరిగి మా అమ్మకి చోటిచ్చింది మాత్రం వాళ్ళే.