ఆఖరి బస్సెక్కిన బాబా

మీరు చదివిన కాలేజీని నడిపింది ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? ప్రిన్సిపాలుగారు అనే తొందరపాటు జవాబు వద్దు. ఎనభైల్లో భద్రాచలంలో మేము చదివిన కాలేజీని నడిపింది సారపాక మీదుగా అడవి ఊళ్లకు వెళ్లే ఆఖరి బస్సు. ఆ రోజుల్లో మా క్లాసులో సగం మంది ‘బస్సోళ్లు’. చీకటితోనే ఇల్లు వదిలి వచ్చి, సాయంత్రం అదే బస్సు కోసం పరుగెత్తేవాళ్లు. కొందరైతే పగలు కాలేజీ, రాత్రి కాగితం మిల్లులో కాంట్రాక్టు పని. బస్సోళ్లలో ఒకణ్ణి ‘కిటికీ’ అని పిలిచేవాళ్లం. రోడ్డు కనిపించే కిటికీ పక్కన తప్ప కూర్చునేవాడు కాదు. వాడు పుస్తకం మూశాడంటే బస్సు మలుపు తిరిగిందన్నమాట. మా ఎకనామిక్స్ సారు వాక్యం మధ్యలో ఉన్నా సుద్దముక్క కింద పెట్టేసేవారు. (గిరాకీ సూత్రం రెండో సగం నాకు నేటికీ రాదు.)

నేను హాస్టల్ వాణ్ణి. పైగా హేతువాద సంఘం కార్యదర్శిని. సభ్యులు పెద్దగా లేకపోయినా, వార్షికోత్సవం నాటికి జిల్లాలో మూఢనమ్మకాన్ని పాతిపెట్టాలన్నది నా పట్టుదల. అందుకే ఒక నాటకం రాశాను. అందులో బాబా గాలిలోంచి విభూతి తీసి రోగాలు కుదురుస్తాడు. చివరి సీన్లో ఒక యువకుడు (ఎవరో వేరే చెప్పాలా?) ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్ల సందున దాచిన బూడిద ఉండలను జనానికి చూపిస్తాడు. బాబా వేషం గంభీరమైన గొంతున్న కిటికీది. గడ్డం ఖమ్మం నుంచి కిరాయికి తెచ్చాం.

వార్షికోత్సవం రోజు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, అంతకన్నా ఆలస్యంగా ప్రసంగం ముగించారు. నాటకం మొదలై, బాబా విభూతి తీసి, చప్పట్లు మారుమోగి, ఇక నా సీను రావాల్సిన సమయానికి గేటు దగ్గర హారన్ మోగింది.

కిటికీ స్టేజీ పక్కకు చూశాడు. “అన్నా, బస్సు!”

“సీన్ అయినంక పోరా!” అన్నాను పళ్లు బిగబట్టి.

“ఇది పోతే రేపటిదాంక ఇంకోటి లేదన్నా. నీకేంది, హాస్టల్ల పంటవ్!” అని, వాడు ప్రేక్షకులకేసి తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. “నాయనలారా! మేం హిమాలయాలకు పోతున్నం!” అంటూ స్టేజీ దూకాడు. వాడి వెనకే బస్సోళ్లందరూ లేచి పరుగెత్తారు. బాబా వెంట జనం కదిలిపోతున్నారనుకున్న ముఖ్య అతిథి లేచి నిలబడి దణ్ణం పెట్టారు. తెర పడింది. మూఢనమ్మకాన్ని నేను పాతిపెట్టలేదు, ఊరేగించాను.

ఊరుకుంటే నేను కార్యదర్శినెట్లా అవుతాను? వెంటపడి అదే బస్సెక్కాను. ఇంకా కాషాయ వేషంలోనే ఉన్న కిటికీకి అప్పటికే ఎవరో సీటిచ్చారు. ఒక ముసలమ్మ వాడి కాళ్లు పట్టుకుని ఉంది.

“సామీ, మా మనవడు నాలుగొద్దుల సంది జరంతోని కాలిపోతుండు. జర గింత ఇబూది పెట్టు.”

నా రక్తం ఉడికింది. ఇదీ అసలు సభ అనుకుని బస్సు మధ్యలో నిలబడ్డాను. “అమ్మా, వీడు బాబా కాదు! వేషం! విభూతి అంతా గంజి కలిపిన బూడిద!” అని నా చివరి సీను మొత్తం అప్పజెప్పాను.

“ఎవడ్రా నువ్వు? సామిని పట్టుకుని దొంగంటవా?” అని మిల్లు కూలీ ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. కండక్టరు బెల్లు తాడు లాగాడు. “దిగు తమ్మీ. దిగి అడివిల చెప్పుకో నీ ముచ్చట.”

కిటికీ చెయ్యెత్తాడు. “ఇడిశిపెట్టుండ్రి. అజ్ఞాని.” తర్వాత ముసలమ్మ వైపు తిరిగాడు. “అవ్వా, నా ఇబూది ఉత్తగ పనిచెయ్యది. ముందుగాల పిలగాన్ని భద్రాచలం దవాఖానాకు తీస్కపో. సూది ఏపిచ్చినంకనే మహిమ.”

“అవ్ సామీ, జల్దీ తీస్కపోత,” అంది ముసలమ్మ.

దారి పొడుగునా వాడి చెవిలో పోట్లాడాను. “నిజం చెప్పకుండా ఏందిరా ఇది?”

“నువ్ చెప్పినవ్ గదన్నా నిజం. ఎవలన్న ఇన్నరా? పిలగాడు బతకాల్నా, నీ నాటకం బతకాల్నా?”

 తిరుగు బస్సు లేదు కనుక ఆ రాత్రి వాడింట్లోనే పడుకున్నాను. ఇంకా తెల్లవారకముందే వాళ్లమ్మ నన్ను తట్టి లేపింది. “లెవ్వు బిడ్డా, మావోడు రోజూ గిట్లనే పోతడు.”

మొదటి బస్సులో, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ముసలమ్మ! గడ్డం లేని కిటికీని గుర్తుపట్టక వాడి పక్కనే కూర్చుంది. నన్ను మాత్రం గుర్తుపట్టింది. “నిన్న సామిని తిట్టిన పోరడు గీడే!” అని బస్సంతటికీ చాటింది. నోరు తెరవబోయాను. కిటికీ నా కాలు తొక్కాడు. మలేరియా అని తేల్చి డాక్టరు ఇచ్చిన మాత్రలతో పిల్లవాడు కోలుకున్నాడు. ఆ ఖ్యాతి ఎవరికి దక్కిందో మీకు తెలుసు.

మరుసటి ఏడాది నుంచి మా కాలేజీ సభలన్నీ మధ్యాహ్నానికి మారాయి. నా నాటకం మళ్లీ వేశాం. కిటికీ చివరిదాకా ఉన్నాడు, నేను వాడి గుట్టు విప్పాను, చప్పట్లు మాత్రం మళ్లీ వాడికే పడ్డాయి. విభూతి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ స్టేజీ పక్కన పళ్లు బిగబట్టి “సీన్ అయినంక పోరా” అన్న ఆ హాస్టల్ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. లోకాన్ని మార్చే తొందరలో వాడు లోకం ఎక్కే బస్సు వేళ కనుక్కోలేదు.

మీరూ రేపో మాపో ఏదో కాలేజీలో సభ పెడతారు. ముందు గేటు దగ్గరికి వెళ్లండి. బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని, “ఎప్పుడు మొదలుపెడదాం?” అని అడగండి. అడిగాకే మైకు ముట్టుకోండి.