సోమవారం ఎనిమిదింటికి

ఐర్లండ్‌లోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో బస్సెక్కగానే గిరిజాకుమారి కిటికీ మీది ఆవిరిని రుమాలుతో తుడిచి, ఒళ్లో ఫోను తెరిచింది. డాక్‌ల్యాండ్స్‌లో ఆఫీసు వచ్చేలోగా మలావీ నుంచి వచ్చిన ఫొటోలు చూడాలి. తోటి ఇంజినీర్లతో కలిసి మూడేళ్లలో అక్కడొక పల్లెలో ఆడపిల్లల బడి కట్టించింది. ప్రారంభానికి మొదట పంచాంగం చూసి గురువారం ముహూర్తం పెట్టింది. ఆ సంగతి ఇంటి నుంచి ఫోనులో చెబితే, అక్కడి హెడ్మిస్ట్రెస్ టమాండా పకపకా నవ్వింది.

"గురువారం సంత, గిరిజా! తల్లులు సంతకెళితే చంటిపిల్లల్ని చూసేది ఈ పిల్లలే. నీ మంచి ఘడియకి నేనూ, మేకలూ ఉంటాం."

మొదటిరోజు అరవైమందైనా రాకపోతే ఆ గదుల్ని మొక్కజొన్న గోదాము చేస్తామన్నారు ఊరిపెద్దలు. "సోమవారం ఎనిమిదింటికి పెట్టేయ్," అంది గిరిజాకుమారి.

"అది రాహుకాలమే!" అన్నాడు పక్కనే టీ తాగుతున్న భర్త శ్రీధర్.

"పిల్లలొచ్చే టైమే మంచి టైము. మీరూరుకోండి."

సోమవారం తొంభై నాలుగుమంది వచ్చారు. బస్సులో ఆ ఫొటో చూసి గిరిజాకుమారి గట్టిగా చప్పట్లు కొట్టేసింది. సంగతేమిటో తెలియకుండానే, పక్క సీటులోని ఐరిష్ పెద్దాయన "గ్రాండ్!" అంటూ తానూ కొట్టాడు. ఇప్పుడు ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఆఫీసు నుంచే వీడియోలో ఆ పిల్లలకు లెక్కలు చెబుతోంది.