ఎండు కవళ్లు

కొచ్చి రేవులో అందరూ లుంగీని మోకాళ్ల పైకి మడిచి కడతారు. ముసలి ఔసేపు మాత్రం ఈమధ్య మడమల దాకా జార్చుకుని తిరుగుతున్నాడు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే కునుకు తీస్తున్నాడు. ఆ సంగతి భార్య త్రేస్యకు కూడా చెప్పలేదు. గుండె బలహీనపడిందనీ, కవళ్లలో ఉండే కొవ్వు నెత్తుటికి మంచిదనీ డాక్టరు చెప్పినప్పటినుంచి ఆ చేప లేనిదే ముద్ద ఎత్తడు. గంజిలో ఉప్పు కూడా మానేశాడు. వానాకాలం వేట ఆగిపోయినా చేప నియమం తప్పలేదు.

ఇవాళ ఇంటింటికీ తిరిగే నర్సు షీజా వచ్చి, అతను వద్దంటున్నా లుంగీ ఎత్తి కాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఏం తింటున్నావు తాతా?"

"డాక్టరు చెప్పిన చేపేనమ్మా, పూట తప్పకుండా," అంటూ త్రేస్య గర్వంగా పళ్లెం తెచ్చింది. ఉప్పు తెల్లగా పేరుకున్న ఎండు కవళ్లు.

షీజా గొంతు తగ్గింది. "ఈ ఉప్పే ఒంట్లో నీరు పట్టిస్తోంది తాతా. నీ గుండె మోయలేదు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం, లే."

ఔసేపు కదల్లేదు. "ఉప్పేస్తే ఏదీ చెడిపోదు కదమ్మా," అన్నాడు మెల్లగా.

కాలి మీద గుంట ఇంకా అలాగే ఉంది.