భుజంతో వినమన్న సయామా

ప్లాస్టిక్ తాడును చీల్చేటప్పుడు కీచుమనే చప్పుడు వింటే నా కుడిభుజం దానంతటదే బిగుసుకుంటుంది. నిన్న మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలోని మా అంగట్లో అదే జరిగింది. తాడు కొనడానికి వచ్చినావిడ "నొప్పా?" అంది. "కాదమ్మా, డా మ్యా గుర్తొచ్చింది" అన్నాను.

డా మ్యా చిన్నప్పుడు బడిలో మా వ్యాయామ టీచరు. టీచరమ్మను ఇక్కడ బర్మీస్‌లో సయామా అంటాం. నలుగురు గుమిగూడితేనే సైనికులు ఆరా తీసే ఆ రోజుల్లో ఆవిడ మాకు ఆటల పోటీల్లో మా జట్టు కోసం గుంపుగా అరవడం, అదే చీర్‌లీడింగ్, నేర్పింది. అరుపుల కాగితంలో "గెలుపు మాదే" అన్న మాటను హెడ్మాస్టరు భయపడి కొట్టేసి "బాగా ఆడండి" అని రాశాడు. దాన్నే గొంతు చించుకుని అరిచాం. సయామా దగ్గర చిరిగిన విదేశీ పత్రిక ఒకటుండేది. "ఇది అమెరికా కాలేజీల్లో మగపిల్లలు మొదలుపెట్టిన పని. ఆడపిల్లలు తర్వాత చేరారు. గెంతులు, పిరమిడ్లు వచ్చాయి. ఇప్పుడు ఎవరి ఆటకో అరవడం కాదు, ఇదే ఒక పోటీ" అని బొమ్మలు చూపించేది.

ఆ పిరమిడ్ పైన నేనుండాలి. చేతుల్లో ఊపే కుచ్చులు చీల్చడానికి తాడంతా మా అంగడిదే, పై చోటు నాది అని సయామాతో బేరం కుదుర్చుకున్నాను. కింద ముగ్గురు మగపిల్లలు, వాళ్ల మీద ఇద్దరు ఆడపిల్లలు, ఆపైన నేను.

అమ్మ నిలదీసింది. "ఏటే, తాడంతా మోసుకెళ్లి ఇచ్చొచ్చావా? ఆళ్లు నీకేటిచ్చారు?"

"పైన సోటిచ్చారమ్మా."

"ఎవుల నెత్తిమీద?"

అదొక్కటే నేను ఆలోచించలేదు. ఆడవాళ్ల లుంగీ ఆరేసిన తీగ కింద కూడా మగవాళ్లు నడవని ఊరిది, నడిస్తే తేజస్సు పోతుందని నమ్మకం. మర్నాడే ఒక పిల్లాడి తల్లి బడికొచ్చి, "నా కొడుకు నెత్తిమీద ఆడపిల్ల నిలబడుతుందా!" అని గోల పెట్టింది. సాయంత్రంలోగా తేల్చకపోతే మా జట్టును పోటీల రోజు జాబితాలోంచి తీసేస్తానన్నాడు హెడ్మాస్టరు. సయామా ఆ పత్రికను మూసేసింది. ఆవిడ మొహం చూడలేక నోరు విప్పాను.

"మొదలుపెట్టింది మగపిల్లలే కదా సయామా. వాళ్లనే ఎక్కించండి. కింద మేముంటాం."

"మరి నీ బేరం?"

"తాడు వాపసు అడగను. నన్ను కింది వరసలో మధ్యన నిలబెట్టండి, చాలు."

ఆవిడ పగలబడి నవ్వింది. "పైకి చూడకు. పైవాడి మోకాలు వణికితే నీకే ముందు తెలుస్తుంది. భుజంతో విను" అంది. ఎక్కేవాళ్లు ముందు చేతులు జోడించి "కడో" అనాలని, అంటే మన్నించమని అడగాలని, నియమం పెట్టింది.

పోటీల రోజు అందరికన్నా చిన్నవాడు మౌంగ్ తూ నాకు రెండుసార్లు కడో చెప్పి, మా భుజాల మీదుగా పైకెక్కాడు. బరువు ఎడమకు ఒరిగినట్టు భుజానికి తెలిసింది. అరడుగు జరిగాను. మైదానమంతా హోరెత్తింది. నాకు కనబడినవి నా బొటనవేళ్లే, అయినా అంత గొప్ప దృశ్యం మళ్లీ చూడలేదు.

నిన్నటావిడ తాడు కొన్నది కూతురి చీర్‌లీడింగ్ పోటీ కోసమట.

"పైన ఎవరు?" అన్నాను.

"మా అమ్మాయే."

"కింద?"

"ఇద్దరు మగపిల్లలు."

ధర చెప్పబోయి మానేశాను. ఒక చుట్ట తాడు ఊరికే చేతిలో పెట్టి, "ఎక్కేముందు కడో చెప్పమనమ్మా" అన్నాను.